ఏడో నెలలో పట్టిన గ్రహణం

నన్ను కన్న అవ్వ బీడీల కత్తెర నాతోపాటు ఖతర్ వచ్చింది. చేతిసంచిలో పెడితే ఏర్‌పోర్టులో గుంజుకుంటారని కొడుకు శ్రీను ముందే చెప్పాడు కాబట్టి, పాత చీర ముక్కలో చుట్టి, మామిడికాయ తొక్కు డబ్బాకీ ఎండు మిరపకాయల మూటకీ నడుమ పెద్ద పెట్టెలో పెట్టాను. "దోహాల కత్తెరలు దొరకయనుకున్నవా అమ్మా? గిది గూడ మోసుకొస్తివి," అని నవ్వాడు. దొరుకుతాయి, ఎందుకు దొరకవు. కింద వీధిలో అడుగుకో దుకాణం. కానీ యాభై ఏళ్ళు తునికాకు కోసిన ఇనుము పాల ప్యాకెట్టు మూతి కోయలేదా? ఉన్నదాన్ని పక్కన పెట్టి ఇంకొకటి కొనడం నాకు చేతకాదు. ఉమ్ ఘువైలినాలో మా ఫ్లాటు వంటింట్లో, గ్యాసు పొయ్యి పక్కన మేకుకు ఆ కత్తెర ఐదేళ్ళు వేలాడింది. దానితో పాల ప్యాకెట్లు కోశాం, చేపల రెక్కలు కోశాం, మనవరాలు సహస్ర పుస్తకాలకు అట్టలు కోశాం. పోయిన నెల దాన్ని మేకు మీంచి తీసి, మళ్ళీ ఆ చీర ముక్కలోనే చుట్టి, బీరువా మీద ఖాళీ సూట్‌కేసుల వెనక్కి తోశాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. కోడలు లావణ్యకు ఐదో నెలలో తీసిన స్కానింగులో కడుపులో బిడ్డ పైపెదవి చీలి ఉందని తేలింది. ఆ కాగితం పట్టుకుని ఆస్పత్రి నుంచి వచ్చిన పిల్లకు మంచినీళ్ళయినా ఇవ్వకుండా నేను అన్న మొదటి మాట ఇది:

"నేను అప్పుడే అనలే? కత్తెర వట్టకు అంటే విన్నవా? గిరాణం మొర్రి ఊకెనే వస్తదా?"

లావణ్య హైదరాబాదు పిల్ల, డిగ్రీ చదివింది, లుసైల్‌లో ఒక ఆఫీసులో పని చేస్తుంది. నాకు ఎదురు చెప్పాలంటే వంద చెప్పగలదు. చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూర్చుని, తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది. అలా చేతులు చూసుకున్న మనిషిని నేను ఇంతకుముందు ఒకరిని చూశాను. అందుకే ఇది రాస్తున్నాను. సహస్ర నోటుబుక్కుల్లో ఏడాది చివర మిగిలిపోయిన తెల్ల కాగితాలు చింపి, సూదీ దారంతో కుట్టి పెట్టుకున్నాను. మూడో తరగతితో ఆగిన చదువుకు ఆ కాగితాలు చాలు.

స్కానింగుకు నెల ముందు చంద్రగ్రహణం పట్టింది. ఆ సంగతి నాకు ఊరి నుంచి ఫోన్లో చెప్పింది చెల్లె గంగవ్వ. మా ఊరివాళ్ళకు ఖతర్ లేదు, కువైట్ లేదు, అంతా దుబాయే. "దుబాయ్‌ల గూడ గిరాణం వడ్తదానే అక్కా? గాడ అరబ్బోళ్ళు ఏం జేస్తరు?" అని అడిగింది. "నమాజు జేస్తరు. నువ్వు ముందుగాల నీ కోడళ్ళను సూస్కో," అన్నాను. గ్రహణం శనివారం. శుక్రవారం నాడు అందరం సముద్రపు ఒడ్డున కార్నీష్‌కు పోయినప్పుడు, అన్నం గిన్నె మీదా తొక్కు డబ్బా మీదా వేయడానికి అక్కడి పచ్చికలో నాలుగు గరిక పోచలు తెంపుకున్నాను. వాచ్‌మన్ దూరం నుంచే "మాఫీ, మదర్, మాఫీ!" అని, అంటే వద్దని, చేతులూపాడు. శ్రీను సిగ్గుపడి, నేనెవరో తెలియనట్టు సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. మర్నాడు పొద్దు గూకి మగ్రిబ్ బాంగు వినిపించగానే లావణ్యను పడకగదిలో వెల్లకిలా పడుకోమన్నాను, కాళ్ళూ చేతులూ ముడవవద్దన్నాను. సరేనని పడుకుంది కూడా. నేను గిన్నెల మీద గరిక వేసి వచ్చేసరికి, హాల్లో నేల మీద కూర్చుని, మా అవ్వ కత్తెరతో అట్టముక్కను గుండ్రంగా కోస్తోంది. మనవరాలికి స్కూల్లో ప్రాజెక్టట. చెప్పుల డబ్బాలో సూర్యుడు, భూమి, చంద్రుడు దారాలకు వేలాడాలట. లావణ్య కోస్తున్నది చంద్రుణ్ణి.

"లేవ్వే! కత్తెర కింద వెట్టు!"

"అయిపోయింది అత్తమ్మా, ఇంకో రెండు నిమిషాలు. దీనికి రేపే సబ్మిట్ చెయ్యాలంట."

"బాపమ్మా, ఏం గాదు," అని సహస్ర టార్చిలైటు నా మొహం మీద వేసింది. దానికి తొమ్మిదేళ్ళు. "మన ఎర్త్ షాడో పోయి మూన్ మీద పడుతది, గంతే."

ఆ 'గంతే' నేను చిన్నప్పుడు విన్న మాట. తిట్టడానికి ఎత్తిన చెయ్యి దించుకుని, వెళ్ళి వంటింట్లో స్టూలు మీద కూర్చున్నాను. వాళ్ళు నేను అలిగాననుకున్నారు.

మా ఊరు జగిత్యాల దిక్కు. బాపు భివండిలో మగ్గాలు నడపడానికి పోయి ఏడాదికి ఒకసారి వచ్చేవాడు. ఇంట్లో ఉండేది బాపు తల్లి బాపమ్మ, అవ్వ, నేను, పాకే వయసులో గంగవ్వ. పొద్దున లేస్తే మొదట ముక్కుకు తగిలేది తడి తునికాకు వాసన. ముందురోజు నీళ్ళు చల్లి గోనెసంచిలో చుట్టిన ఆకు తెల్లారేసరికి మెత్తబడేది. సంచి విప్పితే వాన పడ్డ అడవి వాసన వచ్చేది, దాని వెనకే జర్దా ఘాటు వచ్చేది. జర్దా అంటే బీడీలో నింపే పొగాకు. ఆ ఘాటు మా తలగడల్లో ఉండేది, మేం తినే అన్నంలో ఉండేది. అవ్వ గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి, ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చునేది. రేకు ముక్కను ఆకు మీద ఆనించి దాని కొలతకు కత్తెరతో కోయడం, చిటికెడు జర్దా పెట్టి చుట్టడం, దారం కట్టడం, మళ్ళీ ఇంకో ఆకు. బీడీ మూతి మడవడం నా పని. బాపమ్మ మాత్రం గడప దగ్గర కూర్చుని, మా ఇద్దరి చేతుల మీదా ఒక కన్ను వేసి ఉంచేది. ఉప్పు అడిగితే చేతికి ఇచ్చేది కాదు, నేల మీద పెట్టేది. పొద్దు గూకాక గోళ్ళు తీయనిచ్చేది కాదు. ప్రతి పనికీ ఆమె దగ్గర ఒక కట్టడి ఉండేది, కట్టడి తప్పితే జరగబోయే కీడు కూడా సిద్ధంగా ఉండేది. ఇప్పుడు నా కోడలు నన్ను చూసి ఇదే అనుకుంటుందని నాకు తెలుసు.

బడి అంటే రెండు గదులు, ఒక్క సారు. సైకిల్ మీద వచ్చేవాడు. నేను మూడో తరగతిలో ఉండగా సూర్యగ్రహణం వస్తోందని, ఎవరూ భయపడవద్దని, మమ్మల్ని బయట ఎండలో నిలబెట్టి పాఠం చెప్పాడు. ఒక పిల్లను భూమి అన్నాడు. నా చేతికి పలక ఇచ్చి, "రాజవ్వా, నువ్వు చందమామవు," అన్నాడు. పలకను ఎండకు అడ్డం పట్టించాడు. భూమి అయిన పిల్ల మొహం మీద నల్లగా నీడ పడింది. "సూశిండ్రా? నీడ. గంతే. పాము మింగుడు లేదు, ఎవలు మింగుడు లేదు." అంతకుముందు నన్ను ఎవరూ దేనికీ ఎంచుకోలేదు. వారం రోజులు నేను చందమామనే అనుకుంటూ తిరిగాను, నీళ్ళ బిందె మోస్తున్నప్పుడు కూడా.

గ్రహణం నాడు బాపమ్మ ఇత్తడి తాంబాళంలో పసుపు నీళ్ళు పోసి, నడుమ రోకలి నిలబెట్టింది. గ్రహణం పట్టినంతసేపూ రోకలి పడకుండా నిలుస్తుందని, విడవగానే దానంతటదే పడుతుందని నమ్మకం. వాడకట్టు ఆడవాళ్ళందరూ వచ్చి దాని చుట్టూ కూర్చున్నారు. అవ్వకు అప్పుడు ఏడో నెల. లోపలి గదిలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, నన్ను కాపలా పెట్టి, తలుపు దగ్గరకు వేశారు. "మీ అవ్వ చెయ్యి గూడ మెదపొద్దు, సూస్కో," అంది బాపమ్మ. గది మూలలో పొద్దున విప్పిన ఆకు ఉంది. సాయంత్రం కార్ఖానాకు బీడీలు అప్పగించాలి. విప్పిన ఆకును ఆ పూట కోయకపోతే ఎండిపోయి, చుట్టబోతే పెళ్ళున చిట్లుతుంది. అవ్వ పడుకునే తల పక్కకు తిప్పి ఆ ఆకు వైపు చూస్తోంది.

"ఆకు ఎండిపోతున్నదే రాజవ్వా."

"కొయ్యరాదే అవ్వా."

"గిరాణమే పిల్లా."

"నీడనే అవ్వా. సారు జెప్పిండు. పొద్దుకు చందమామ అడ్డం వస్తది, గంతే. మా బడిల చందమామను నేనే."

"నువ్వానే? మరి జెర జల్ది తప్పుకోరాదే తల్లీ, నాకు మస్తు పనున్నది," అని అవ్వ పకపకా నవ్వింది. నవ్వుతూనే మోచేతి మీద లేచి, చాట దగ్గరకు లాక్కుంది. తర్వాత కూడా అవ్వ నవ్వింది, పెళ్ళిళ్ళలో, బోనాలప్పుడు. అలా మాత్రం నవ్వలేదు. కత్తెర చప్పుడు బయటికి వినబడకుండా నేను తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. మాది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి రోజూ గుండ్రటి ఎండ చుక్కలు నేల మీద పడేవి. ఆ రోజు ఆ చుక్కలన్నీ కొడవళ్ళలా వంగిపోయాయి. ఆకు మీద, చాట మీద, అవ్వ కడుపు మీద చిన్న చిన్న వెలుగు కొడవళ్ళు. చిన్న కంతలోంచి వచ్చినప్పుడు సూర్యుడి బొమ్మే నేల మీద పడుతుందని, సూర్యుడు కొడవలిలా ఉంటే బొమ్మ కూడా కొడవలేనని సహస్ర మొన్న అట్టకు సూదితో పొడిచి నాకు చూపించింది. ఆ రోజు నాకు అవేమిటో తెలియదు. భలే ఉన్నాయని అవ్వకు చూపించాను. అవ్వ కూడా చూసింది. బిడ్డ పుట్టాక ఎన్నో ఏళ్ళు ఆ కొడవళ్ళు నాకు కలలో వచ్చాయి.

రెండు నెలలకు తమ్ముడు పుట్టాడు. మంత్రసాని బిడ్డను తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, బాపమ్మ చేతికి ఇచ్చింది. పైపెదవి ముక్కు దాకా రెండుగా ఉంది. లోపల అంగిలి కూడా అంతే.

"ఏం కోసినవే?" అంది బాపమ్మ.

"నేనేం కొయ్యలే అత్తా," అంది అవ్వ, చాప మీంచి లేవలేక.

బాపమ్మ నా వైపు తిరిగింది. "లోపట ఉన్నది నువ్వే గదా. నువ్వు జెప్పు."

"ఆకు కోసింది," అన్నాను.

సగమే చెప్పాను. కొయ్యమన్నది ఎవరో చెప్పలేదు. అవ్వ నా వైపు చూసింది. 'ఈ పిల్లనే గద నీడ అన్నది' అని ఒక్క మాట అంటే, తిట్లలో సగం నా మీదికి వచ్చేవి. అనలేదు. బతికినన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. ఆ రోజు చేసిందల్లా అరచేతులు రెండూ తిప్పి చూసుకోవడమే.

పిల్లవాడికి చను పట్టు చిక్కేది కాదు. పాలు పోస్తే ముక్కులోంచి వచ్చేవి. అవ్వ గిన్నెలోకి పాలు పిండి ఇస్తే, దూదివత్తి ముంచి గొంతులో చుక్కచుక్కగా వేయడం నా వంతు అయింది, ఎందుకంటే అవ్వ చేతులు బిడ్డను తాకవద్దంది బాపమ్మ. వాడు మింగడానికి ప్రయత్నిస్తూ నా మొహం వైపే చూసేవాడు. చూడటానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ మొదట తొట్టె వైపు, తర్వాత కత్తెర వైపు చూసేది. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టాలనుకున్నారు. పంతొమ్మిదో రోజు పొద్దున వత్తి నోట్లో పెడితే వాడు చప్పరించలేదు. పేరు లేకుండా పోయాడు కాబట్టి, తర్వాత ఇంట్లో వాడి గురించి మాట్లాడుకోవడానికి ఒక మాటంటూ లేకుండా పోయింది. భివండి నుంచి వచ్చిన బాపు కూడా ఏమీ అడగలేదు. శ్రీనుకు ఇన్నేళ్ళు వచ్చినా తనకు అలాంటి మేనమామ ఒకడు ఉండేవాడని తెలియదు.

బీడీల కోసం నన్ను బడి మాన్పించారని ఊళ్ళో అందరూ అనుకున్నారు. నన్ను ఎవరూ మాన్పించలేదు. సారు సైకిల్ దిగి వాకిట్లో నిలబడి, "రాజవ్వ మంచిగ చదువుతదమ్మా, పంపుండ్రి," అని అవ్వను బతిమాలుతుంటే, నేను వడ్ల గుమ్మి వెనక నక్కి చెవులు మూసుకున్నాను. ఆయన అబద్ధం చెప్పాడని, ఆ అబద్ధాన్ని ఇంట్లోకి మోసుకొచ్చింది నేనని నమ్మాను. చాట ముందు కూర్చున్నాను, ముప్పై ఏళ్ళ పైన లేవలేదు. నా పెద్దబిడ్డను ఏడో తరగతిలో ఆపేసి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. శ్రీను మగపిల్లవాడు గనుక తప్పించుకుని, డిప్లొమా చదివి, ఇక్కడి దాకా వచ్చాడు. పెద్దబిడ్డ ఈరోజుకీ ఊళ్ళో దగ్గుతూ బీడీలు చుడుతోంది. ఇక అవ్వ సంగతి. ఆ తర్వాత వచ్చిన ప్రతి గ్రహణానికీ, సూర్యుడిదైనా చంద్రుడిదైనా, గోడకు ఆనుకుని కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, రోకలి పడేదాకా వాటి మీద కూర్చునేది. కడుపున బిడ్డలు పుట్టే వయసు దాటిపోయాక కూడా అలాగే కూర్చుంది. ఆఖరికి మంచాన పడి మతి తప్పినప్పుడు, గ్రహణం ఉన్నా లేకపోయినా "ఇయ్యాల గిరాణం గద?" అని అడిగి, చేతులు నడుం కిందికి దోపుకునేది. నేను బలవంతంగా తీసి నూనె రాసేదాన్ని. మొద్దుబారి, నీలంగా ఉండేవి.

ఇదంతా తెలిసిన దాన్ని, ఉమ్ ఘువైలినాలో మూడో అంతస్తులో నిలబడి లావణ్యను ఆ మాట అన్నాను. అన్నాక వెనక్కి తీసుకోలేదు. ఆ రోజు నుంచి లావణ్య కత్తి పట్టడం మానేసింది. కోసిన కూరగాయలు ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తాయి, వాటిని కొనడం మొదలుపెట్టింది. కోసిన ఉల్లిగడ్డ కూడా డబ్బాలోనే. వేరే రోజుల్లో అయితే ఆ దుబారాకు ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని, ఇప్పుడు చూస్తూ ఊరుకున్నాను. పాల ప్యాకెట్టును పంటితో చింపేది. శుక్రవారం పార్కుకు రమ్మంటే మీరు పోయి రండి అనేది. పార్కులో మా వైపు పిల్లలు, బర్వా అల్ బరాహా కూలీల క్యాంప్ నుంచి సెలవు రోజున వచ్చినవాళ్ళు, గుంపుగా కూర్చుని ఫోన్లలో ఇంటివాళ్ళ మొహాలు చూసుకుంటుంటే, వాళ్ళ పక్కన కూర్చుని నేను ఖాళీ చేతులు చూసుకునేదాన్ని. ఒకరోజు సహస్ర, "బాపమ్మా, మమ్మీ బర్త్‌డే కేక్ గూడ కట్ చెయ్యలే. నేనే చేసిన," అంది. ఆ రోజు శ్రీను నా మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచి నా ముందు గొంతు పెంచనివాడు.

"అమ్మా, అది తిండి తింటలేదు. రేపు డాక్టరమ్మ దగ్గరికి పోతున్నం. అన్నది నువ్వే గదా, నువ్వే వచ్చి విను."

డాక్టరమ్మ కాకినాడ వైపు మనిషి. "రండి అమ్మగారూ, కూర్చోండి. కోడలుగారు ఏంటి ఇలా నీరసించిపోయారు?" అంది. శ్రీను తల దించుకున్నాడు. లావణ్య గోడ వైపు చూసింది. నేనే చెప్పాను.

"గిరాణం నాడు కత్తెర వట్టింది మేడమ్."

డాక్టరమ్మ నవ్వలేదు. నవ్వి ఉంటే నేను లేచి వచ్చేసేదాన్ని. గ్రహణం ఏ రోజు పట్టిందో అడిగి, తన కాగితాలు చూసి లెక్క కట్టింది. "అప్పటికి ఈవిడకి నాలుగో నెలండి. పై పెదవి రెండో నెల దాటకుండానే అతుక్కుపోతుంది, అంగిలి మూడో నెలకి. మొదట్లో మీకూ నాకూ అందరికీ విడిగానే ఉంటుంది అమ్మగారూ." రెండు అరచేతుల అంచులు పక్కపక్కన పెట్టి, దగ్గరకు తెచ్చి, కలపకుండా ఆపింది. "ఇలా వచ్చి కలవాలి. కొందరికి కలవదు. అంతే. ఇది ఎవరూ కోసింది కాదండి, అతుక్కోనిది."

నేను ఆమె చేతుల వైపే చూస్తున్నాను. ఆమె పెన్ను తీసుకుని, "మీ రెండు వైపులా ఇంతకుముందు ఎవరికైనా ఇలా ఉందా? దగ్గరి చుట్టాల్లో?" అని అడిగింది.

"మా సైడ్ ఎవరికీ లేదు మేడమ్," అంది లావణ్య.

"మా దిక్కు గూడ లేదు," అన్నాడు శ్రీను.

డాక్టరమ్మ రాయబోయింది. అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే లేదనే రాసి ఉండేది. ఆ కాగితంలో నా పుట్టిల్లు శుభ్రంగా ఉండేది, కత్తెర ఎప్పటికీ లావణ్య చేతిలోనే ఉండేది.

"ఉండె," అన్నాను. "మా తమ్మునికి ఉండె."

శ్రీను తలెత్తాడు. "ఏ తమ్ముడే?"

చెప్పాను. తాంబాళం, రోకలి, ఆకు, దూదివత్తి. కొయ్యమన్నది నేనేనన్న ముక్క మాత్రం అప్పుడు కూడా గొంతు దాటలేదు. డాక్టరమ్మ మధ్యలో ఒక్క ప్రశ్నే అడిగింది. "గ్రహణం నాటికి మీ అమ్మగారికి ఎన్నో నెలండి?"

"ఏడు."

"ఏడో నెలకి బిడ్డకి గోళ్ళు కూడా వచ్చేస్తాయండి. ఆవిడ కత్తెర పట్టినా పట్టకపోయినా, ఆ బాబు పెదవి అప్పటికే అయిదు నెలలుగా అలాగే ఉంది."

మరి ఎందుకు వచ్చిందని అడిగాను. కచ్చితంగా చెప్పలేమంది. ఒక్కోసారి వంశంలో వస్తుందట, సరైన తిండి లేకపోయినా, పొగాకు వల్లా రావచ్చంటారట, చాలామందికి ఏ కారణమూ తేలదట. మీ అమ్మగారు ఏం పని చేసేవారని అడిగింది. బీడీలు చుట్టేదన్నాను. పెన్ను కాసేపు ఆగింది. "దానివల్లేనని నేను అనట్లేదండి," అంది. అనలేదు, నిజమే. కానీ మేమందరం ఇన్నేళ్ళూ కత్తెరను చూశాం, ఒళ్ళో ఉన్న జర్దా చాటను ఎవరూ చూడలేదు. ఆ పాపం పేరు చెప్పి నేను వెళ్ళి కూర్చున్నది ఆ చాట ముందే. లేచి వస్తూ, మీ డాక్టర్ల మాటల్లో ఈ జబ్బు పేరులో గ్రహణం ఉంటుందా అని అడిగాను. ఉండదంది. చీలిన పెదవి అంటారట. ఇక్కడి అరబ్బులు కుందేలు పెదవి అంటారట. వాళ్ళు చూసినదానికి పేరు పెట్టుకున్నారు. మేం తల్లి చేసిన నేరాన్ని కూడా కలిపి పేరు పెట్టాం, ఇక విచారించాల్సిన పని లేకుండా.

పుట్టిన కొన్ని నెలలకు పెదవి కుడతారట, ఏడాది అటూఇటూగా అంగిలి కుడతారట. అప్పటిదాకా పాలు పట్టడానికి వేరే రకం సీసా ఉంటుందని తీసి చూపించారు. మెత్తగా ఉంది, మనమే నొక్కుతూ బిడ్డకు అందించాలి. నేను దాన్ని చేతిలోకి తీసుకుని రెండుసార్లు నొక్కి చూశాను. ఇలాంటివి మా చిన్నప్పుడు కూడా ఎక్కడైనా ఉండేవా అని అడగాలనిపించింది. ఉండేవి అంటుందేమోనని అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నేను వెనక కూర్చున్నాను. ఇంటి సందులోకి తిరిగాక లావణ్య వెనక్కి చూడకుండా అడిగింది. "ఆ బాబుకి పేరేం పెట్టిన్రు అత్తమ్మా?"

"పెట్టలే."

"అయ్యో," అంది. నన్ను మన్నించినట్టు నేనేమీ అనుకోవడం లేదు. నేను అన్న మాటను నేను మన్నించుకోలేదు, ఆ పిల్ల ఎందుకు మన్నించాలి. కత్తెరను బీరువా మీంచి దింపి, నూనెగుడ్డతో తుడిచి, పాత మేకుకే వేలాడదీశాను. నా నూలు చీర ఒకటి తీసి, పుట్టబోయే బిడ్డకు పొత్తిగుడ్డలు దానితోనే కోశాను, లావణ్యకు కనబడేటట్టు హాల్లో కూర్చుని. చూసింది. కానీ పాల ప్యాకెట్టును ఇప్పటికీ పంటితోనే చింపుతోంది. తెలుసుకోవడం వేరు, చెయ్యి నమ్మడం వేరు అని నాకు తెలుసు గనుక ఏమీ అనడం లేదు.

నిన్న మధ్యాహ్నం గంగవ్వ ఫోన్ చేసింది. వేళ్ళు నొప్పి పెడతాయని నేను ఫోను మంచం మీద పెట్టి, స్పీకరు వేసి మాట్లాడుతాను.

"కోడలు ఏం కోసిందటనే అక్కా? వాడకట్టంత అడుగుతున్నరు."

"వాడకట్టుకు వేరే పని లేదా?"

"నాకన్న చెప్పరాదే."

"ఏం కొయ్యలే. అది కోస్తే అయ్యేది గాదటే. అతుకువడాల్సింది అతుకువడక అయితదట. రెండో నెలలనే అయిపోతదట." మళ్ళీ నేనే అన్నాను, "అవ్వ గూడ ఏం కొయ్యలేనే గంగా."

"కోసింది గదనే. బాపమ్మకు జెప్పింది నువ్వే గదా."

"చెప్పింది నేనే. కొయ్యమన్నది గూడ నేనే. నీడనే అని నేనే అన్న."

అటువైపు వాళ్ళ వాకిట్లో కోడిపెట్ట అరుస్తోంది. గంగవ్వ వింటోందో లేదో తెలియక నేనే మాట్లాడుతూ పోయాను. "గిరాణం ఏడో నెలల వట్టింది. తమ్మునికి పెదవి రెండో నెలలనే గట్లయింది. అవ్వ తప్పు లేదు. సారుది గూడ తప్పు లేదే."

గంగవ్వ ముక్కు చీదుకుంది. తర్వాత అడిగింది.

"గీ ముచ్చట మరి అవ్వకెవలు జెప్తరే అక్కా?"

మంచం మీద ఫోను వెలుగు ఆరిపోయింది. వంటింట్లో లావణ్య గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. లేద్దామని చూస్తే, నా రెండు చేతులూ తొడల కింద ఉన్నాయి. ఎప్పుడు పెట్టుకున్నానో తెలియదు. మొద్దుబారిపోయాయి. బయటికి తీయడానికి కాసేపు పట్టింది.